తీగ తెంచిన టెలివిజన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో గత పదునైదు సంవత్సరములుగా ఒక పలుకుబడి బాగుగా వ్యాపించినది. నెలనెల రుసుము చెల్లించి పొందుచున్న కేబుల్ టెలివిజన్‌ను మానుకొనుటను అచ్చట "తీగ తెంచుట" అందురు. 2010 ప్రాంతమున ఆ దేశమున సుమారు 10 కోట్ల కుటుంబములు కేబుల్ ద్వారా గాని, ఉపగ్రహపు డిష్ ద్వారా గాని సొమ్ము చెల్లించి టెలివిజన్ చూచుచుండెడివి. తరువాతి కాలమున కేబుల్, డిష్ చందాదారుల సంఖ్య ఏటేట తరుగుచు వచ్చినది.

తీగ తెంచినవారు టెలివిజన్ చూచుట మానలేదు. కొందరు ఇంటికప్పుపై ఏంటెన్నా నిలిపి, గాలిలో వచ్చు ప్రసారములను ఉచితముగా అందుకొనుచున్నారు. ఎక్కువమంది ఇంటర్నెట్ ద్వారా కార్యక్రమములను రప్పించుకొనుచున్నారు. దీనిని స్ట్రీమింగ్ అందురు. తెలుగున ధారాప్రసారము అనవచ్చును. ప్రేక్షకుల లెక్కలు తీయు నీల్సన్ సంస్థ ప్రకటన ననుసరించి, 2025 మే నెలలో అమెరికనులు టెలివిజన్ ముందు గడపిన కాలములో 44.8 శాతము ధారాప్రసారమునకు చెందినది. గాలి ప్రసారములు, కేబుల్ రెండును కలిసి 44.2 శాతము మాత్రమే. ధారాప్రసారము ఆ రెండింటి మొత్తమును మించుట అదే మొదటిసారి.

ఏంటెన్నా, ఇంటర్నెట్ రెండును చూచువానికి ఒకే బొమ్మను చూపును. కాని భౌతికశాస్త్ర దృష్టితో చూచినచో ఈ రెండు మార్గములకు పోలికయే లేదు. మొదటిది అందరికి ఒకేమారు వెదజల్లబడునది. రెండవది ఒక్కొక్కరికి వేరువేరుగా మోసికొని పోబడునది. ఈ భేదమును గ్రహించినచో ఎవరికి ఏది చవుక, ఏది ఎచ్చట విఫలమగును, ఒకటి పోయినచో సమాజము పోగొట్టుకొనున దేమి అను ప్రశ్నలకు సమాధానము తేలికగా దొరకును.

కేబుల్ పుట్టుక

నేడు తెంచబడుచున్న ఈ తీగ మొదట ఏంటెన్నాకు పోటీగా రాలేదు. ఏంటెన్నాకు తోకగా వచ్చినది. టెలివిజన్ తరంగములు ఇంచుమించు కాంతివలెనే ఋజుమార్గమున పయనించును. కొండ అడ్డు వచ్చినను, భూగోళపు వంపు అడ్డు వచ్చినను, ఆవలి గ్రామమునకు అవి సరిగా అందవు. 1948లో ఆరెగాన్ రాష్ట్రమందలి ఆస్టోరియా పట్టణమున ఎడ్ పార్సన్స్ అను రేడియో నిపుణుడు ఒక హోటలు మిద్దెపై ఏంటెన్నా నిలిపి, సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న సియాటిల్ నగరపు ప్రసారమును పట్టి, తీగ ద్వారా తన ఇంటికి తెచ్చుకొనెను. ఇరుగుపొరుగువారును ఆ తీగకు కొమ్మలు వేయించుకొనిరి. 1950లో పెన్సిల్వేనియా రాష్ట్రమున, కొండల నడుమ నున్న లాన్స్‌ఫర్డ్ అను బొగ్గుగనుల ఊరిలో రాబర్ట్ టార్ల్‌టన్ ఇట్టి ఏర్పాటునే చేసి, ఫిలడెల్ఫియా ప్రసారములను నెలసరి రుసుముపై ఇంటింటికి అందించెను. ఎత్తైన చోట ఒక మంచి ఏంటెన్నా, అచ్చటినుండి ఊరంతటికి తీగ—ఇదియే కేబుల్ టెలివిజన్. ఆ రోజులలో దాని పేరే "సామూహిక ఏంటెన్నా".

1975లో ఉపగ్రహము ద్వారా దేశమంతట కేబుల్ కేంద్రములకు కార్యక్రమముల నందించుట ప్రారంభమైన పిమ్మట పరిస్థితి మారినది. గాలిలో లభింపని ఛానెళ్లు తీగలో లభింపసాగెను. పదులు వందలైనవి. చూచువానికి పది కావలసినను వందకు వెల చెల్లింపవలసి వచ్చెను. 1992 నాటి చట్టము ప్రకారము గాలిలో ఉచితముగా వచ్చు స్టేషన్లు కూడ తమ ప్రసారమును తీగలో చూపుటకు కేబుల్ సంస్థలనుండి సొమ్ము కోరవచ్చును. ఆ సొమ్ము తిరిగి చందాదారుని బిల్లుపైననే పడును. కప్పుపై ఏంటెన్నా యున్నచో ఉచితముగా వచ్చు బొమ్మకే తీగలో మూల్యము చెల్లింపవలసి వచ్చుట చాలమందిని ఆలోచింపజేసినది.

గాలిలో వచ్చు చిత్రము

అమెరికాలో పెద్ద స్టేషన్లన్నియు 2009 జూన్ 12 నాటికి పాత అనలాగ్ ప్రసారమును విడిచి డిజిటల్ ప్రసారమునకు మారినవి. పాత గ్రాహకములున్న కుటుంబములు కష్టపడకుండుటకై, మార్పుపెట్టె కొనుటకు ఇంటికి రెండు చొప్పున, ఒక్కొక్కటి 40 డాలర్ల విలువగల కూపన్లను ప్రభుత్వము పంచినది.

ప్రతి స్టేషనుకు 6 మెగాహెర్ట్జ్ వెడల్పుగల పౌనఃపున్యముల పట్టీ ఒకటి కేటాయింపబడును. ఆ పట్టీ ద్వారా సెకండునకు 1 కోటి 93 లక్షలకు పైగా బిట్లు, అనగా సుమారు 19.4 మెగాబిట్లు పోవును. ఇది చాలునా? లెక్క వేసి చూడవచ్చును. ఒక హెచ్.డి. చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగును తెల్పుటకు 24 బిట్లు, సెకండునకు 30 చిత్రములు అనుకొనినచో, 1920 × 1080 × 24 × 30 = సుమారు 149 కోట్ల బిట్లు కావలెను. పట్టీలో పట్టునది అందులో సుమారు డెబ్బదియేడవ వంతు మాత్రమే. కావున చిత్రమును కుదింపక తప్పదు. వార్తలు చదువు మనిషి వెనుకనున్న గోడ ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు మారదు. అందుచే పూర్తి చిత్రమును అప్పుడప్పుడు పంపి, నడుమ మారిన భాగములను మాత్రమే పంపుదురు. ఈ కుదింపువలన ఒకే పట్టీలో ఒక హెచ్.డి. కార్యక్రమముతో బాటు మరికొన్ని చిన్న ఛానెళ్లును ఇముడును. అనలాగ్ కాలమున ఒక్క బొమ్మ పట్టిన చోటనే నేడు నాలుగైదు బొమ్మలు పట్టుచున్నవి.

ఏంటెన్నా కొలతలు

ఏంటెన్నా యనగా విద్యుదయస్కాంత తరంగము తాకినప్పుడు తనలో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహమును పుట్టించుకొను లోహపు కడ్డీ. ఆ కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యములో సుమారు సగమున్నచో ప్రవాహము అధికముగ పుట్టును. ఊయలను దాని సహజమైన వేగముతో తాళము తప్పక ఊపినచో కొద్ది బలముతోనే ఎత్తుకు లేచును గదా! ఇదియు అట్టిదే. నడుమ చీలిక యున్న ఇట్టి అర్ధతరంగపు కడ్డీని డైపోల్ అందురు.

తరంగదైర్ఘ్యమును మీటర్లలో తెలిసికొనుటకు 300ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యముచే భాగించిన చాలును. అమెరికాలో నేడు టెలివిజన్‌కు మిగిలియున్న పట్టీలు మూడు: 2 నుండి 6 వరకు ఛానెళ్లు 54–88 మెగాహెర్ట్జ్, 7 నుండి 13 వరకు 174–216, 14 నుండి 36 వరకు 470–608. ఇందు 2వ ఛానెల్ నడిమి పౌనఃపున్యము 57 మెగాహెర్ట్జ్. దాని అర్ధతరంగము 2 మీటర్ల 63 సెంటీమీటర్లు. 7వ ఛానెల్‌కు 85 సెంటీమీటర్లు. 500 మెగాహెర్ట్జ్‌కు 30 సెంటీమీటర్లు మాత్రమే. వాస్తవమున కడ్డీని ఈ కొలతకంటె నూటికి అయిదు వంతులు తగ్గించి కోయుదురు. ఏలయన, కడ్డీకి లావు ఉండుటచేతను, కొనల ప్రభావముచేతను అది విద్యుత్తుకు తన పొడవుకంటె కొంత ఎక్కువ పొడవుగా తోచును.

బజారులో అమ్ము పలుచని, కాగితమువంటి గది ఏంటెన్నా కొందరి ఇంట అన్ని ఛానెళ్లను పట్టి, కొందరి ఇంట ఒకటి రెండింటిని ఏల విడిచిపెట్టునో ఈ లెక్కవలన తెలియును. అడుగు పొడవుగల రేకు 500 మెగాహెర్ట్జ్‌కు సరిపోవును. 7వ ఛానెల్‌కు చాలదు. తెరపై కనిపించు సంఖ్యను నమ్ముటకును వీలులేదు. డిజిటల్‌కు మారినప్పుడు పెక్కు స్టేషన్లు పౌనఃపున్యమును మార్చుకొని, జనులకు అలవాటైన పాత సంఖ్యనే పేరుగా నిలుపుకొన్నవి. కావున ఏంటెన్నా కొనుటకు ముందు తెలిసికొనవలసినది తెరమీది సంఖ్యను కాదు, నిజముగా ప్రసారమగు పౌనఃపున్యమును.

ఒక్క డైపోల్ ఇరుప్రక్కలనుండి వచ్చు తరంగములను సమముగా గ్రహించును. ఒక దిక్కునుండియే ఎక్కువగా గ్రహింపవలెనన్నచో దానికి తోడు కావలెను. 1926లో జపాను దేశమున, సెండై నగరపు తోహొకు విశ్వవిద్యాలయమున షింతారో ఉడా, హిదెత్సుగు యాగి అను శాస్త్రజ్ఞులు ఈ ఉపాయమును కనుగొనిరి. డైపోల్ వెనుక దానికంటె కొంచెము పొడవైన కడ్డీ నొకటి, ముందు కొంచెము పొట్టియైన కడ్డీలు కొన్ని వరుసగా అమర్చుదురు. వీనికి తీగ తగిలింపరు. అయినను వచ్చు తరంగము వీనిలో ప్రవాహమును పుట్టించును. ఆ ప్రవాహమువలన ఇవి తిరిగి తరంగములను వెలువరించును. ముందు దిక్కునుండి వచ్చినవి డైపోల్ వద్ద ఒకదానికొకటి తోడై బలపడును. వెనుకనుండి వచ్చినవి పరస్పరము హరించుకొనును. 1980వ దశకమున తెలుగునాట మిద్దెలపై గుంపులుగా కనిపించిన అల్యూమినియమ్ కడ్డీల ఏంటెన్నా ఈ యాగి–ఉడా ఏంటెన్నాయే.

ఏంటెన్నా ఎంత మంచిదైనను ఎత్తు లేనిదే ప్రయోజనము లేదు. ప్రసారస్తంభము ఎత్తు, ఏంటెన్నా ఎత్తు—వీనిని మీటర్లలో తీసికొని, రెండింటి వర్గమూలములను కూడి 4.12చే గుణించినచో ప్రసారము అందు దూరము సుమారుగా కిలోమీటర్లలో వచ్చును. 300 మీటర్ల స్తంభమునకు, 9 మీటర్ల ఎత్తుననున్న ఏంటెన్నాకు ఇది 4.12 × (17.3 + 3), అనగా సుమారు 84 కిలోమీటర్లు. పెట్టెపై "200 మైళ్లు" అని అచ్చువేసి అమ్ము ఏంటెన్నాల మాటను ఈ చిన్న సూత్రముతో తూచి చూడవచ్చును. భూమి గుండ్రముగా నున్నంతకాలము ఆ అచ్చు సామాన్యమైన ఇంటికి వర్తింపదు.

కొన్ని అపోహలు

మొదటి అపోహ "డిజిటల్ ఏంటెన్నా" అనునది. ఏంటెన్నాకు తెలిసినది పౌనఃపున్యము ఒక్కటే. ఆ తరంగముపై కూర్చున్నది అనలాగ్ బొమ్మయా, డిజిటల్ అంకెలా అనునది దానికి తెలియదు. తాతలనాటి ఏంటెన్నా తుప్పు పట్టనిచో, పట్టీ సరిపోయినచో, నేటి హెచ్.డి. ప్రసారమును నిక్షేపముగా పట్టును.

రెండవ అపోహ యాంప్లిఫయర్ పెట్టినచో అందని ప్రసారము అందు ననుట. యాంప్లిఫయర్ సంకేతముతో బాటు రొదను కూడ పెంచును; పైగా తన రొదను కొంత కలుపును. రొదలో మునిగిపోయిన సంకేతము దానివలన తేలదు. అది నిజముగా ఉపకరించు చోటు వేరు. ఏంటెన్నానుండి గదిలోనికి వచ్చు తీగలో 30 మీటర్ల పొడవునకు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు హరించిపోవును. రెండు టెలివిజన్లకు పంచినచో మిగిలినది మరల సగమగును. ఈ నష్టము కలుగకముందే, ఏంటెన్నా స్తంభము మీదనే యాంప్లిఫయర్ ఉంచినచో ప్రయోజనముండును. టెలివిజన్ ప్రక్క నుంచినచో ప్రయోజనము స్వల్పము. స్టేషను దగ్గరగా నున్నచో అతిబలముచే గ్రాహకము ఉక్కిరిబిక్కిరియై, ఉన్న బొమ్మయు పోవచ్చును.

మూడవది, బొమ్మ కొంచెము చెడినచో ఓర్చుకొనవచ్చు ననుట. అనలాగ్ కాలమున సంకేతము బలహీనమైనకొలది తెరపై మంచు కురిసినట్లు చుక్కలు పెరుగుచు, బొమ్మ మెల్లమెల్లగా క్షీణించెడిది. డిజిటల్‌లో అట్లు కాదు. 2009 నుండి వాడుకలోనున్న పద్ధతిలో ప్రతి 187 బైట్లకు 20 బైట్లు అదనముగా చేర్చి పంపుదురు. దారిలో 10 బైట్ల వరకు చెడినను గ్రాహకము ఈ అదనపు బైట్ల సాయముతో లెక్కవేసి సరిదిద్దుకొనును. అందువలన సంకేతశక్తి రొదకు సుమారు 33 రెట్లు ఉన్నంతవరకు బొమ్మ అద్దమువలె నుండును. అంతకు తగ్గినచో తప్పులు దిద్దుటకు మించిపోయి బొమ్మ గళ్లుగళ్లై ఒక్కసారిగా ఆగిపోవును. కొండ అంచువరకు సమతలముగా నడచి, ఒక అడుగు ముందుకు వేయగనే లోయలో పడినట్లుండును. అందుకే ఎండనాడు చక్కగా వచ్చిన ఛానెల్ గాలివాననాడు మాయమగును. ఏంటెన్నాను అమర్చునప్పుడే కొంత బలమును మిగులుగా చూచుకొనవలెను.

అమెరికాలో గృహసంఘములు కొన్ని అందము చెడునని ఏంటెన్నాలను నిషేధించెడివి. 1996 నాటి చట్టమును అనుసరించి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ చేసిన నియమము ప్రకారము, సొంతముగా వాడుకొను ఆవరణలో టెలివిజన్ ఏంటెన్నాను అట్లు నిషేధించుట చెల్లదు.

ధారాప్రసారము

ఇంటర్నెట్‌లో చిత్రము వచ్చు తీరు పూర్తిగా వేరు. కార్యక్రమమును ముందుగా కొన్ని సెకండ్ల తునకలుగా కోయుదురు. ఒక్కొక్క తునకను సన్నము, మధ్యమము, ఉత్తమము అనునట్లు పలు పరిమాణములలో కుదించి సర్వరు యంత్రములలో దాచుదురు. ప్రేక్షకుని పరికరము ఒక తునకను అడిగి తెచ్చుకొని, అది ఎంత వేగముగా వచ్చినదో కొలిచి, తరువాతి తునక ఏ పరిమాణముది కావలెనో నిర్ణయించుకొనును. దారి ఇరుకైనప్పుడు బొమ్మ మసకబారి, కొంతసేపటికి మరల తేటపడుటకు కారణమిదియే. దూరభారము తగ్గించుటకై జనులెక్కువగా చూచు కార్యక్రమముల నకళ్లను ఆయా ప్రాంతముల ఇంటర్నెట్ కేంద్రములలోనే నిలువ యుంచుదురు. ఊరికొక గిడ్డంగి కట్టి సరకు నింపినట్లు ఇది పనిచేయును.

ఇందలి సౌకర్యము గొప్పది. కోరిన కార్యక్రమమును కోరిన వేళ చూడవచ్చును. దేశాంతరములందలి భాషాభిమానులకు ఇది వరము. అమెరికాలోని తెలుగు కుటుంబములు కప్పుపై ఎంత పెద్ద ఏంటెన్నా నిలిపినను సాధారణముగా అందులో తెలుగు మాట వినిపింపదు. హైదరాబాదున విడుదలైన చిత్రమో, వార్తలో టెక్సస్‌లోని ఇంటికి చేరునది ఇంటర్నెట్ ద్వారానే.

కాని లెక్క చూడవలెను. సెకండునకు 5 మెగాబిట్ల హెచ్.డి. ధార గంటకు 18,000 మెగాబిట్లు, అనగా 2.25 గిగాబైట్లు మోయును. దినమునకు 4 గంటలు చూచు కుటుంబమునకు నెలకు 270 గిగాబైట్లు. ఏంటెన్నాతో చూచినచో ఈ సంఖ్య సున్న.

ఒకటికి అందరు, ఒక్కొక్కరికి ఒకటి

ప్రసారిణి ఒకటి తరంగమును వెలువరించినప్పుడు దాని పరిధిలో పదిమంది చూచినను, పది లక్షలమంది చూచినను ప్రసారిణికి ఖర్చు ఒకటే. క్రొత్తగా ఒక ఏంటెన్నా నిలిపినచో ప్రక్కయింటి బొమ్మ తరుగదు. చెరువు నీరు తోడినకొలది తరుగును. గాలిలోని బొమ్మ చూచినకొలది తరుగదు. ధారాప్రసారమున అట్లు కాదు. లక్షమంది ఒకేసారి చూచినచో లక్ష ధారలు వేరువేరుగా పారవలెను. 5 మెగాబిట్ల చొప్పున అవి సెకండునకు 500 గిగాబిట్లు. అదే కార్యక్రమమును గాలిలో పంపుటకు 19.4 మెగాబిట్ల పట్టీ ఒక్కటి చాలును. అందు ఇంకను చోటు మిగులును.

2024 నవంబరు 15న టెక్సస్ రాష్ట్రపు ఆర్లింగ్టన్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ అను వారి ముష్టియుద్ధమును నెట్‌ఫ్లిక్స్ ప్రత్యక్షముగా చూపినది. సుమారు 6 కోట్ల కుటుంబములు చూచినవని ఆ సంస్థ ప్రకటించినది. ఆ రాత్రి చాలమందికి బొమ్మ ఆగి ఆగి కదలినది, మసకబారినది. లోపము ఏ ఒక్క యంత్రముదో కాదు. కోట్లాదిమందికి ఒకే క్షణమున వేరువేరు ధారలు పంపుటలోనే ఆ కష్టమున్నది. తునకలుగా కోసి, నిలువచేసి పంపుటవలన ఆలస్యము కూడ కలుగును. ఆటలో గోల్ పడినప్పుడు ఏంటెన్నా ఉన్న ఇంట కేకలు వినబడిన అరనిమిషమునకు గాని ప్రక్కయింటి ఇంటర్నెట్ తెరపై ఆ గోల్ పడకపోవచ్చును.

ఈ రెండు మార్గములను కలుపుటకు ఒక విచిత్రమైన ప్రయత్నము జరిగినది. 2012లో న్యూయార్కు నగరమున ఏరియో అను సంస్థ గోరంతటి ఏంటెన్నాలను వేలకొలది ఒకచోట అమర్చి, చందాదారునకు ఒక్కొక్కటి చొప్పున కేటాయించి, దానిలో పడిన ప్రసారమును ఇంటర్నెట్ ద్వారా అతనికి పంపసాగెను. ఎవరి ఏంటెన్నా వారిదే గనుక ఇది సొంత కప్పుపై ఏంటెన్నా నిలుపుకొనుటవంటిదే అని ఆ సంస్థ వాదన. టెలివిజన్ సంస్థలు వ్యాజ్యము వేసినవి. 2014 జూన్ 25న సుప్రీమ్ కోర్టు ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా, ఇది కేబుల్ వ్యవస్థ వంటిదే అని తీర్పు చెప్పినది. ఆ సంస్థ మూతపడినది. ఆస్టోరియా మిద్దెపై మొదలైన "ఏంటెన్నా ఎవరిది?" అను ప్రశ్న 66 సంవత్సరముల పిమ్మట న్యాయస్థానమునకు ఎక్కినదన్న మాట.

తీగ నిజముగా తెగినదా?

ధారాప్రసారము ఇంటిలో వైఫై ద్వారా వచ్చుటచే తీగ లేనట్లు కనబడును. కాని గోడ దాటగనే అది తీగయే. అమెరికాలో ఇండ్లకు ఇంటర్నెట్ నందించు సంస్థలలో అగ్రస్థానముననున్న కాంకాస్ట్, చార్టర్ అనునవి కేబుల్ సంస్థలే. టెలివిజన్ చందా మాని, అదే సంస్థకు, అదే తీగపై ఇంటర్నెట్ చందా చెల్లించుచున్నవారు కోట్లకొలది. పాత కేబుల్ మూటవంటి ఛానెళ్ల మూటనే ఇంటర్నెట్‌లో అమ్ము సేవలును వచ్చినవి. అందు ఒకటగు యూట్యూబ్ టీవీ 2017లో నెలకు 35 డాలర్లకు ప్రారంభమై, 2025 జనవరి నాటికి 82.99 డాలర్లకు చేరినది. తెగినది పాత ముడి. పడినది క్రొత్త ముడి.

ఈ ముడి అందరికి సమానముగా బిగియదు. తక్కువ ఆదాయముగల కుటుంబములకు ఇంటర్నెట్ బిల్లులో నెలకు సాధారణముగా 30 డాలర్ల వరకు తోడ్పడిన ప్రభుత్వ పథకమునందు సుమారు 2 కోట్ల 30 లక్షల కుటుంబములుండెడివి. నిధులు లేక అది 2024 జూన్ 1తో ముగిసినది. అట్టి ఇంటికి కప్పుపైనున్న కడ్డీ అలంకారము కాదు. తుఫాను హెచ్చరిక, ఎన్నికల ఫలితము, పిల్లలకు పాఠము—ఇవన్నియు నెలసరి బిల్లు లేకుండ వచ్చు దారి అది.

ఆ దారి మాత్రము క్రమముగా ఇరుకగుచున్నది. ఒకప్పుడు అమెరికాలో టెలివిజన్ ఛానెళ్లు 83 వరకు ఉండెడివి. 2009లో 52 నుండి 69 వరకు గల పట్టీ టెలివిజన్ నుండి తొలగింపబడినది. 2017లో ముగిసిన వేలములో 38 నుండి 51 వరకు గల పట్టీ సుమారు 1,980 కోట్ల డాలర్లకు సెల్‌ఫోన్ సంస్థల పరమైనది. 2020 జూలై నాటికి స్టేషన్లు దానిని ఖాళీ చేసినవి. 37వ ఛానెల్ ఖగోళశాస్త్రజ్ఞుల రేడియో దూరదర్శినులకు విడువబడినది. మిగిలిన పట్టీలో ఎక్కువ సమాచారము పంపగల క్రొత్త పద్ధతికి 2017లో అనుమతి లభించినది. కాని ఆ పద్ధతిలో పెక్కు స్టేషన్లు ప్రసారమునకు తాళము వేయుచున్నందున, గాలిలో వచ్చు దానిని ఎవరైనను పట్టుకొనవచ్చునను పాత మర్యాద నిలుచునా అను చర్చ నడచుచున్నది.

మన దేశమున

మన దేశమున కథ వేరుగా నడచినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో జరిగిన "సైట్" ప్రయోగమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ అందినది. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగున కార్యక్రమములు ప్రసారమైనవి. కోళ్లగూటికి వాడు వలతో చేసిన సుమారు 3 మీటర్ల వెడల్పుగల డిష్‌తో గ్రామస్థులు నేరుగా ఉపగ్రహమునుండి బొమ్మను పట్టిరి. తరువాత దూరదర్శన్ స్తంభములు, కప్పులపై యాగి ఏంటెన్నాలు, 1990వ దశకమున వీధి కేబుల్ వచ్చినవి. దూరదర్శన్ వారి అనలాగ్ భూతల ప్రసారిణులు 2022 నాటికి కొద్ది స్థలములలో తప్ప మూసివేయబడినవి. కావున అమెరికాలో పనికివచ్చు కప్పు ఏంటెన్నా ఇచ్చట పనికిరాదు. దాని స్థానమున 2004 డిసెంబరులో ప్రారంభమైన ఉచిత ఉపగ్రహ ప్రసారమున్నది. నేడు దానిని డీడీ ఫ్రీ డిష్ అందురు. చిన్న డిష్, పెట్టె ఒకమారు కొన్నచో నెలసరి రుసుము లేదు. యాదగిరి, సప్తగిరి ఛానెళ్లు అందులో వచ్చును. అచ్చట స్తంభము చేయు పనినే ఇచ్చట ఉపగ్రహము చేయుచున్నది: ఒకమారు పంపిన బొమ్మ, ఎందరు చూచినను తరుగనిది.

ఏంటెన్నా సూత్రమును పాఠశాలలో పరీక్షించుటకు టెలివిజన్ అక్కరలేదు, ఎఫ్.ఎం. రేడియో చాలును. 100 మెగాహెర్ట్జ్‌కు అర్ధతరంగము 150 సెంటీమీటర్లు. అయిదు శాతము తగ్గించి 71 సెంటీమీటర్ల చొప్పున రెండు రాగితీగ ముక్కలు కోసి, కర్రపై ఒకే వరుసలో బిగించి, నడిమి కొనలనుండి జంటతీగను బయటి ఏంటెన్నాకు చోటుగల రేడియోకు కలుపవచ్చును. కర్రను నలుదిక్కులకు త్రిప్పి, అడ్డముగ, నిలువుగ పట్టి, దూరపు స్టేషను ధ్వని ఎచ్చట స్పష్టమగునో, ఎచ్చట మాయమగునో విద్యార్థులు పట్టిక వ్రాసికొనవచ్చును. తీగలను సగము పొడవునకు కోసి మరల చూచినచో కొలతకు గల విలువ తెలియును.

తీగ తెంచుట అనునది ఏంటెన్నాయా, ఇంటర్నెట్టా అను పందెము కాదు. కోరినది కోరిన వేళ చూచుటకు ధారాప్రసారమునకు మించినది లేదు. అందరికి ఒకే వేళ తెలియవలసినదానికి గాలి ప్రసారమునకు సాటి లేదు. ఒకటి ఇంటింటికి పోసిన కొళాయి. రెండవది ఊరంతటిపై కురిసిన వాన. కొళాయి వచ్చినదని వానను వద్దనుకొను ఊరు ఉండదు. గాలిలోని పౌనఃపున్యములు ప్రజలందరి సొత్తు. వానిలో కొంత భాగమైనను బిల్లు లేని ప్రసారమునకు మిగిల్చి యుంచుట ఏ దేశమునకైనను మేలు.